మోకాలు దించాడనే ముందు తూకం అడగండి

కెల్ బ్రూక్ పిరికివాడు కాదు. ఈ ఒక్క మాట దగ్గర నాకూ మా బావకూ ఏళ్లుగా తెగడం లేదు. నోటితో వాదిస్తే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లే గెలుస్తున్నారు కాబట్టి, ఈసారి కూర్చుని రాస్తున్నాను.

బ్రూక్ ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ బాక్సర్. 147 పౌండ్ల వెల్టర్‌వెయిట్‌లో, అంటే 66.7 కిలోల తూకంలో, ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో ఒకటైన ఐబీఎఫ్ ఛాంపియన్. అప్పటికి ఓటమి తెలియనివాడు. 2016 సెప్టెంబరు 10న లండన్‌లో గెన్నడీ గొలోవ్‌కిన్‌తో ఫైటుకు ఒప్పుకున్నాడు. గొలోవ్‌కిన్ 160 పౌండ్ల వాడు. మధ్యలో ఉన్న 154 తూకాన్ని కూడా దాటేసి బ్రూక్ పైకి వెళ్లాడు. అయిదో రౌండులో అతని ట్రైనర్ డొమినిక్ ఇంగిల్ టవల్ విసిరి ఫైటు ఆపించాడు. బ్రూక్ కుడి కంటి గూటి ఎముక విరిగింది. ఎనిమిది నెలలు దాటాక, 2017 మే 27న, సొంత ఊళ్లో ఎరల్ స్పెన్స్‌తో తలపడ్డాడు. ఈసారి విరిగింది ఎడమ కంటి గూడు. పదకొండో రౌండులో ఒక మోకాలు నేలకు ఆనించి, రెఫరీ పది లెక్కపెట్టేదాకా అలాగే ఉండిపోయి ఓడిపోయాడు.

"సొంతూర్లో, సొంత జనం ముందర మోకాలేసినాడప్పా. వాడి గురించి ఇంకేం మాట్లాడతావు?" అంటాడు బావ.

లాస్ వేగస్‌లో శనివారం రాత్రి జరిగే ఫైటు మనకు ఆదివారం పొద్దున వస్తుంది. తిరుపతిలో బాలాజీ కాలనీ వైపు బావ వాళ్ల మిద్దె మీది గదిలో చేరతాం. బావ, నేను, పక్కింటి రిటైర్డ్ పీఈటీ సారు, బావ షాపులో పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు. ఇడ్లీ పొట్లాలు, పెద్ద ఫ్లాస్కు నిండా కాఫీ. ఫైటు అర్ధగంటలో అయిపోయినా మా వాదన మధ్యాహ్నం భోజనాల దాకా సాగుతుంది. ఏ ఫైటు గురించి మొదలుపెట్టినా చివరికి తేలేది రెండే విషయాల దగ్గర: వాడు మగాడా కాదా, వాళ్లిద్దరికీ జోడీ కుదిరిందా లేదా. అందరూ వీటిని వేర్వేరు ప్రశ్నలనుకుంటారు. మొదటిదానికి రక్తం మరిగేలా జవాబు చెబుతారు, రెండోదాన్ని లెక్కల వ్యవహారంలా వదిలేస్తారు. నాకు అవి రెండూ ఒకటే ప్రశ్న. తూకం సరిపోయిందా అని అడక్కుండా ధైర్యం గురించి నోరెత్తే హక్కు మనకు లేదు.

బావ మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఆయనది చంద్రగిరి పక్క పల్లె. కనుమ వచ్చిందంటే రంగంపేట పశువుల పండగలో, ఉరికే ఎద్దుల కొమ్ములకు కట్టిన పలకల కోసం మీదపడి పెనుగులాడిన మనిషి. మోచేతి కింద కొమ్ము దిగిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఆయనకు ధైర్యమంటే టీవీలో చూసి నేర్చుకున్న సరుకు కాదు. "రింగులోకి ఎక్కినాక దిగేదానికి రెండే దార్లు. చెయ్యి ఎత్తించుకోని దిగాల, లేదంటే నలుగురు మోసుకోని పోవాల" అంటాడు. ఈ మాటకు షాపు కుర్రాళ్లు ఈల వేస్తారు. నాకు మాత్రం ఆ రెండో దారి వినగానే కడుపులో తిప్పుతుంది. ఎందుకంటే ఆ దారిలో నిజంగానే పోయినవాళ్లు ఉన్నారు.

1982 నవంబరు 13న లాస్ వేగస్‌లో రే మాన్సినీతో ఆడిన కొరియా కుర్రాడు కిమ్ డుక్ కూ మోకాలు దించలేదు. 135 పౌండ్ల లైట్‌వెయిట్ తూకానికి కష్టపడి దిగి, పద్నాలుగో రౌండు దాకా ఎదురు నిలిచాడు. ఆ రౌండులో పడ్డాడు, లేవడానికి తాళ్లు పట్టుకున్నాడు, కొద్ది రోజులకే ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ తర్వాతే ఐబీఎఫ్ లాంటి ఇంకో సంస్థ డబ్ల్యూబీసీ తన టైటిల్ ఫైట్లను 15 రౌండ్ల నుంచి 12కు తగ్గించింది. మిగతా సంస్థలు కూడా మెల్లగా అదే దారిన వచ్చాయి. అంటే ఆ కుర్రాడి ధైర్యం చూసి ఆట నిర్వాహకులు గర్వపడలేదు, భయపడ్డారు. నియమం మార్చుకున్నారు. అభిమానులు మాత్రం పాత నియమంలోనే ఉండిపోయారు.

విటాలీ క్లిచ్‌కో సంగతి చూడండి. 2000 ఏప్రిల్ 1న బెర్లిన్‌లో క్రిస్ బర్డ్ మీద పాయింట్లలో ముందున్నాడు. తొమ్మిది రౌండ్లయ్యాక భుజం కండరం తెగి, స్టూలు మీద నుంచి లేవనన్నాడు. గెలుస్తున్న ఫైటు వదిలేశాడని, గుండె లేనివాడని ముద్ర పడింది. మూడేళ్లకు, 2003 జూన్ 21న, లాస్ ఏంజెలిస్‌లో లెనక్స్ లూయిస్‌తో ఆడాడు. కంటి పైన చర్మం చీలి వేలాడుతోంది. ఆరు రౌండ్లయ్యాక డాక్టరు ఆపితే, ఆపొద్దని గింజుకున్నాడు. ఆ రాత్రితో వీరుడైపోయాడు. మనిషి ఒకడే, గుండె ఒకటే. మొదటి గాయం చర్మం లోపల ఉంది కాబట్టి మనకు కనబడలేదు, రెండోది రక్తం కారింది కాబట్టి కనబడింది. మనం మెచ్చుకున్నది ధైర్యాన్ని కాదు, రక్తాన్ని. ఈ మాట అన్నందుకు పీఈటీ సారు నా మీద కోప్పడ్డారు కానీ, ఇప్పటికీ నాకు ఇంకో వివరణ దొరకలేదు.

2023 ఏప్రిల్‌లో గెర్వాంటా డేవిస్ చేతిలో పక్కటెముకల కింద దెబ్బ తిని, ఏడో రౌండులో మోకాలేసిన రయన్ గార్సియానూ ఇలాగే తిట్టారు. లివర్ మీద సూటిగా పడిన దెబ్బకు కాళ్లు మన మాట వినవు. మనసు లెమ్మంటున్నా ఒళ్లు లేవదు. గ్లోవ్స్ వేసుకున్న ఎవరినైనా అడగండి, చెబుతారు. అంతకంటే ఆ ఫైటు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఒక్క సంగతి తప్ప. అది 136 పౌండ్ల దగ్గర ఒప్పందం చేసుకున్న ఫైటు. తూకం వేశాక ఒళ్లు ఎంతవరకు పెరగొచ్చో కూడా కాగితం మీద కట్టడి రాసుకున్నారు. ఆ కట్టడి ఎవరికి నొప్పో బావకూ తెలుసు, నాకూ తెలుసు. గార్సియా పెద్ద ఒళ్లున్నవాడు.

ఇక్కడే తూకం అసలు గుట్టు ఉంది. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో తూకం ఫైటుకు ముందురోజు వేస్తారు. ఆ కాసేపు కాటా మీద సరిపోతే చాలు. నీళ్లు మానేసి, చెమట కార్చి, ఒళ్లు పిండుకుని కాటా ఎక్కుతారు. దిగగానే నీళ్లు, ఉప్పు, అన్నం లోపల పడేసి మరుసటి రాత్రికి మళ్లీ పెరుగుతారు. ఎవడు ఎక్కువ పెరగగలిగితే వాడిదే లాభం. 2000 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆర్టురో గాటీ, జోయీ గమాష్ మధ్య 141 పౌండ్లకు ఒప్పందం. ఫైటు రాత్రి గాటీ 160 ఉన్నాడు, గమాష్ 145. ఇద్దరి మధ్య ఏడు కిలోల తేడా. రెండో రౌండులో గమాష్ పడ్డాడు, మెదడుకు దెబ్బ తగిలింది, మళ్లీ రింగు ఎక్కలేదు. పోస్టరు మీద ఇద్దరిదీ ఒకే తూకం. ఆ రాత్రి గమాష్‌కు ధైర్యం ఉందా లేదా అని అడగడం ఎంత అన్యాయమో చెప్పండి.

ఐబీఎఫ్ టైటిల్ ఫైట్లలో రెండో రోజు పొద్దున మళ్లీ తూకం వేసే నియమం చాలా ఏళ్లు నడిచింది. తూకం హద్దు మీద పది పౌండ్లకు మించి పెరగకూడదు. మంచి నియమమే. కానీ దానికీ ఒక చీకటి పక్క ఉంది. పెద్ద ఒళ్లున్నవాడిని చిన్న తూకానికి లాగి, మళ్లీ పెరగనివ్వకుండా ఒప్పందంలో కట్టేస్తే అదే నియమం ఆయుధమవుతుంది. 2025 ఏప్రిల్ 26న క్రిస్ యూబాంక్ జూనియర్, కానర్ బెన్ ఫైటులో జరిగింది ఇదే. బెన్ 147 తూకం నుంచి 160కి పైకి వచ్చాడు. యూబాంక్ 160కి పిండుకుంటూ దిగాడు. మరుసటి రోజు పది పౌండ్లకు మించి పెరగకూడదని కట్టడి. ఒకడు ఎముకల బలం లేని చోటికి ఎక్కాడు, ఇంకొకడు నీళ్లు లేని చోటికి దిగాడు. తొలి రోజు తూకంలో యూబాంక్ 0.05 పౌండు, అంటే ఇరవై గ్రాముల పైచిలుకు ఎక్కువ ఉన్నాడు. దానికి బ్రిటన్ డబ్బుల్లో 3,75,000 పౌండ్ల జరిమానా కట్టి ఫైటు ఆడి గెలిచాడు. గెలిచాక ఆసుపత్రిలో చేరాడు.

వినేష్ ఫోగట్‌ది 100 గ్రాములు. అది కుస్తీ కాబట్టి, ఒలింపిక్స్ కాబట్టి డబ్బు కట్టి బయటపడే దారి లేదు. 2024 ఆగస్టు 6న పారిస్‌లో, అంతర్జాతీయ పోటీల్లో అప్పటిదాకా ఓడని యుయి సుసాకిని ఓడించింది. రాత్రంతా తినకుండా తాగకుండా చెమట కార్చింది. జుట్టు కూడా కత్తిరించారు. 7వ తేదీ పొద్దున మళ్లీ తూకం వేస్తే 50 కిలోల మీద ఆ 100 గ్రాములు మిగిలాయి. ఫైనల్ పోయింది, పతకమే లేకుండా పోయింది. ఆమె అసలు తూకం 53. అంతకుముందు, 2012 లండన్‌లో ఆడవాళ్ల బాక్సింగ్‌ను ఒలింపిక్స్‌లోకి తొలిసారి తెచ్చినప్పుడు మూడే తూకాలు పెట్టారు: 51, 60, 75. 46, 48 కిలోల్లో ప్రపంచాన్ని గెలిచిన మేరీ కోమ్ ఒళ్లు పెంచుకుని 51లో ఆడాల్సి వచ్చింది. సెమీస్‌లో నికోలా ఆడమ్స్ చేతిలో ఓడి కాంస్యంతో వచ్చింది. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్. ఒలింపిక్స్‌లో ఆ తూకం లేదు కాబట్టి 50కి దిగింది. 2023లో ఢిల్లీలో ఆ తూకంలోనూ గెలిచింది కానీ పారిస్‌లో చైనా అమ్మాయి వూ యూ చేతిలో ఆగిపోయింది. వీళ్లలో ఎవరి గుండెను శంకిస్తారు? తూకాల పట్టిక రాసినవాళ్లు గీసిన గీతకు ఇటో అటో ఒళ్లు సాగదీసుకోవడమే వీళ్లకు సగం ఆట.

ఇదంతా దూరపు సంగతి అనుకుంటారేమో. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా మేనల్లుడికి, అంటే ఇదే బావ కొడుక్కి, పదిహేడేళ్లు. మొన్న వేసవిలో ఇంకో ఊళ్లో సెలక్షన్లు. వాడిది 57 కిలోల తూకం, ఒళ్లు మాత్రం 60కి దగ్గర. మిట్టమధ్యాహ్నం ఎండలో తారకరామ స్టేడియం ట్రాక్ మీద పరుగెత్తేవాడు. రెండు టీషర్టులు, పైన రెయిన్‌కోటు, మణికట్ల దగ్గర రబ్బరు బ్యాండ్లు. ఆగినప్పుడు రెయిన్‌కోటు చెయ్యి కిందికి దించితే లోపల పేరుకున్న చెమట ధారగా కారేది. చివరి రోజు చూయింగ్ గమ్ నములుతూ ఖాళీ బాటిల్లో ఉమ్ముతూ కూర్చున్నాడు. ఉమ్ము కూడా బరువే కదా. పెదాలు తెల్లగా పగిలిపోయాయి. వాళ్లమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి పక్కన పెడితే, దాన్ని చూడకుండా ముఖం అటు తిప్పుకున్నాడు.

మరుసటి పొద్దున కాటా ఎక్కాడు. 57కు లోపలే వచ్చాడు. తీరా చూస్తే ఆ తూకంలో ఇంకో పేరే లేదు. వాడొక్కడే. అంటే ఆడకుండానే గెలుపు, వాకోవర్. "ఊరికే వాకోవర్ ఎందుకు, పైతూకం పిల్లోడు ఒకడు ఖాళీగా ఉండాడు, ఒక బౌట్ ఆడించేద్దాం" అన్నారు నిర్వాహకులు. ఆ పైతూకం పిల్లవాడు 63 పైన ఉన్నాడు, పొద్దున కడుపునిండా తిని వచ్చాడు. మావాడు వద్దనలేదు. వద్దంటే ఏమనుకుంటారోనని వాడి భయం. నేను అడ్డుపడ్డాను. "ఆడేది పిల్లోడు, మధ్యలో మీరెవరు సార్?" అన్నారు.

రెండో రౌండు సగంలో మావాడి ముక్కు నుంచి రక్తం. రెఫరీ ఎనిమిది లెక్కపెట్టి, ఆడతావా అని అడిగాడు. మావాడు తల అడ్డంగా ఊపాడు. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్లు, పిల్లలున్నవాళ్లే, నవ్వారు. "ఇంతేనా? ఇంటికి పోయి పాలు తాగుపో" అన్నాడొకడు. ఆ మాట దెబ్బలకంటే గట్టిగా తగిలింది వాడికి. బస్సులో తిరుపతి చేరేదాకా నోరు విప్పలేదు.

ఇంటికొచ్చాక బావ అడిగిన మొదటి మాట: "ఎంతసేపు నిలబడినావు?" వాడు చెప్పాడు. కాసేపాగి నా వైపు తిరిగి అడిగాడు: "ఎదుటోడు ఎంత తూకం?" నేను చెప్పాను. బావ ముఖం నల్లబడింది. కొడుకు పక్కన కూర్చుని ముక్కు మీద దూది తీసి చూశాడు. బావ మంచి తండ్రి. ప్రాణం పెట్టే తండ్రి. అలాంటి మనిషి కూడా రెండో ప్రశ్న మొదట అడగలేదంటే, ఆ అలవాటు మనలో ఎంత లోతుగా దిగిందో చూడండి. ఎంతసేపు నిలబడ్డాడు అన్నది తూకం తెలిశాకే అడగాల్సిన ప్రశ్న.

కడప, కర్నూలు, ప్రకాశం వైపు తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు తెలుసు. ఎద్దుల పళ్లు చూసి విభాగాలు కడతారు. పాలపళ్లవి వేరు, రెండు పళ్లవి వేరు, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి వేరు. బండ బరువు కూడా దాన్ని బట్టే. పాలపళ్ల కోడెలను సీనియర్ల బండకు కట్టి, లాగలేకపోతే తిట్టే రైతును నేను ఇంతవరకు చూడలేదు. అలా కడితే ఊరు ఊరంతా ఆ రైతునే తిడుతుంది. రింగు దగ్గర మాత్రం కట్టినవాడిని వదిలేసి లాగలేనివాడిని తిడతాం.

బావ దగ్గర గట్టి వాదనలు లేకపోలేదు. మొదటిది మానీ పకియావ్. చిన్న ఒళ్లవాడు, 2008 డిసెంబరులో ఆస్కార్ డెలా హోయాను ఎనిమిది రౌండ్లు ఉతికి స్టూలు మీదే కూర్చోబెట్టాడు. "గుండె ఉంటే తూకం ఎంతప్పా" అంటాడు. కానీ ఆ ఫైటు 147 పౌండ్ల దగ్గర జరిగింది. ఒళ్లు పిండుకుని దిగింది పెద్దవాడైన డెలా హోయా. ఫైటు రాత్రికి అతను పకియావ్ కంటే బరువేమీ ఎక్కువ లేడు. అది తూకం లెక్క లేదని చూపే ఫైటు కాదు, తూకం పెద్దవాడినీ చంపగలదని చూపే ఫైటు. రెండోది ఉసిక్. 200 పౌండ్ల హద్దున్న క్రూయిజర్‌వెయిట్ నుంచి హెవీవెయిట్‌కు వచ్చి జాషువాను, ఫ్యూరీని ఓడించాడు. నిజమే, నేనూ చప్పట్లు కొట్టాను. కానీ 200 పౌండ్లు దాటాక పై హద్దే లేని తూకం అది, అతను పైకి వచ్చేనాటికి అక్కడ చిన్నవాడికి వేరే చోటు లేదు. పైగా ఉసిక్ 2019లో పైకి వచ్చి, ఒళ్లు కట్టుకుని, రెండు ఫైట్లు ఆడి, 2021లో జాషువా దగ్గరికి వెళ్లాడు. ఒక్క సంతకంతో ఎగిరి పడలేదు.

మూడో వాదన అన్నిటికంటే పదునైంది. "సరేప్పా, గొలోవ్‌కిన్ పెద్దోడు. స్పెన్స్ తన తూకమోడే గదా? అక్కడెందుకు మోకాలేసినాడు?"

దీనికి నా జవాబు ఇది. పట్టికలో సమానమే, ఒంట్లో కాదు. ఒక మనిషి 160కి ఎక్కి, కంటి గూడు విరగ్గొట్టుకుని, అది అతికించుకుని, ఎనిమిది నెలలకే మళ్లీ 147కు ఎండిపోయి దిగాడు. ఆ తర్వాత ఆ తూకంలో ఉండలేక 154కు వెళ్లిపోయాడు. రెండో కన్ను గూడు విరిగాక కూడా పదకొండో రౌండు దాకా వచ్చాడు. ఇంకో తేడా గమనించండి. గొలోవ్‌కిన్ దగ్గర ఆపింది ఇంగిల్, కాబట్టి తిట్లు ఇంగిల్‌కు పోయాయి. స్పెన్స్ దగ్గర ఆపుకున్నది తానే, కాబట్టి తిట్లు అతనికే. 1975 అక్టోబరు 1న మనీలాలో అలీతో పద్నాలుగు రౌండ్లయ్యాక కళ్లు మూసుకుపోయిన ఫ్రేజియర్‌ను అతని ట్రైనర్ ఎడ్డీ ఫచ్ పదిహేనో రౌండుకు పంపలేదు. ఫ్రేజియర్‌ను ఇప్పటికీ ఎవరూ పిరికివాడు అనరు. కార్నర్, అంటే రింగు మూలన ఉండే ట్రైనర్ బృందం, తన పని తాను చేస్తే ఆటగాడి మర్యాద మిగులుతుంది. కార్నర్ చూస్తూ కూర్చుంటే ఆటగాడే మోకాలు దించి తన కన్ను తాను కాపాడుకోవాలి. అది కూడా ధైర్యమే అంటాను నేను. వేలమంది చూస్తుండగా, ఆ వేలమంది ఏమంటారో తెలిసీ దించిన మోకాలు అది.

ఈ తిట్లకు ఒక ధర ఉంది. కాగితాల మీద సంతకాలు పెట్టించేవాళ్లకు తెలుసు, పిరికివాడు అనిపించుకోవడం కంటే ఎముక విరగ్గొట్టుకోవడానికే కుర్రాడు ఒప్పుకుంటాడని. 2016 మే నెలలో బ్రిటన్ బాక్సర్ ఆమిర్ ఖాన్‌ను 155 పౌండ్ల దగ్గర, తనకంటే పెద్ద ఒళ్లున్న కనెలో అల్వరెజ్ ముందు నిలబెట్టినా, మా మేనల్లుడిని 63 కిలోల వాడి ముందు నిలబెట్టినా పనిచేసింది ఆ భయమే. మనం మిద్దె మీద కూర్చుని విసిరే మాటే అక్కడ బేరానికి సరుకు.

బావ ఇప్పుడు రెండో రోజు తూకం అన్ని ఫైట్లకూ పెట్టాలనే దగ్గరికి వచ్చాడు. బ్రూక్ దగ్గరికి ఇంకా రాలేదు. వస్తాడని నా నమ్మకం.

బాక్సింగ్‌కు పిల్లలను పంపే తల్లిదండ్రులకు మాత్రం ఒక మాట. సెలక్షన్ల రోజు మీరే కాటా పక్కన నిలబడండి. మీ బిడ్డ అంకె, ఎదుటి బిడ్డ అంకె రెండూ కళ్లతో చూడండి. ఆ తూకంలో మీవాడు ఒక్కడే ఉంటే వాకోవర్ రాయించుకోండి. "ఒక బౌట్ ఆడించేద్దాం" అని కాగితం తెస్తే సంతకం పెట్టకండి. ఎవరేమన్నా అననీయండి. బిడ్డను బయటికి తీసుకొచ్చి ముందు మంచినీళ్లు తాగించి, అన్నం పెట్టించండి.